విమ్‌లో ప్రోలాగ్ ఫైల్ పెర్ల్‌గా తెరుచుకుంటే

మీ డాట్ పీఎల్ ఫైల్ ప్రోలాగ్ భాషలో రాసిందే అయినా, విమ్ ఎడిటర్ దాన్ని పెర్ల్ అనే మరో ప్రోగ్రామింగ్ భాష ఫైల్ అనుకుంటోందన్నారు కదండీ. టెన్షన్ పడి ప్లగిన్లు (విమ్‌కు అదనంగా జోడించుకున్న స్క్రిప్టులు) తీసేయకండి. ఆ ఫైల్ తెరిచి, కోలన్ కొట్టి, 'వెర్బోస్ సెట్ ఫైల్‌టైప్?' అని అడగండి. ఆ ఫైల్ రకాన్ని చివరగా పెట్టిన స్క్రిప్ట్ ఏదో కిందే కనిపిస్తుంది. అది విమ్‌తో వచ్చిన స్క్రిప్టే అయితే, విమ్ఆర్‌సీ అనే విమ్ సెట్టింగ్స్ ఫైల్‌లో 'జీ కోలన్ ఫైల్‌టైప్ అండర్‌స్కోర్ పీఎల్' వేరియబుల్‌కు 'ప్రోలాగ్' అని ఇస్తే చాలు.

ఏదైనా ప్లగిన్‌లో ఫైల్ రకాన్ని గుర్తించే 'ఎఫ్‌టీడిటెక్ట్' ఫోల్డర్ పేరు వస్తే మాత్రం చిక్కు అక్కడే ఉంది. 'సెట్‌ఫైల్‌టైప్' అని కలిపి రాసిన ప్లగిన్, అప్పటికే రకం ఖరారైన ఫైల్ జోలికి పోదు. 'సెట్ ఫైల్‌టైప్' అని విడదీసి రాసింది ముందున్నదాన్ని చెరిపేస్తుంది. నేను ఇలాంటిదానితో ఒక సాయంత్రమంతా కుస్తీ పట్టాను. విమ్ఆర్‌సీలో 'ఫైల్‌టైప్ ప్లగిన్ ఆన్' లైన్ తర్వాత మీ సొంత ఆటోకమాండ్‌ను (ఫైల్ తెరవగానే దానంతటదే నడిచే ఆదేశాన్ని), విడదీసిన రూపంతోనే పెట్టండి. చివర రాసిందే చివర నడుస్తుంది.