రీఫ్ ట్యాంకులో అయిప్టేసియా, నత్తల్ని తినే హెర్మిట్ పీతలు, రాత్రి టక్ టక్ శబ్దం: అన్నిటికీ ఒకే మందు ఉందా?

మీ ప్రశ్నలో నాలుగు సంగతులున్నాయి. 200 లీటర్ల రీఫ్ ట్యాంకులో, అంటే కోరల్స్ (పగడాలు) పెంచే ఉప్పునీళ్ల అక్వేరియంలో, రాళ్ల మీద పదిహేను దాకా అయిప్టేసియా (కోరల్స్‌ను కుట్టే చిన్న ఎనిమోన్‌లు) మొలిచాయి. వాటిని తింటాయని నాలుగు పెప్పర్‌మింట్ రొయ్యల్ని వేస్తే అయిప్టేసియా అలాగే ఉంది, జోఆంథిడ్ కోరల్స్ మాత్రం తగ్గిపోతున్నాయి. ఖాళీ నత్త చిప్పల్లో కాపురముండే హెర్మిట్ పీతలు ఇరవై ఉన్నాయి, అవి నత్తల్ని చంపేస్తున్నాయి. లైట్లు ఆరాక రాళ్లలోంచి టక్ టక్‌మని వినిపిస్తోంది. వీటన్నిటికీ కలిపి నీళ్లలో పోసే మందు ఏదైనా ఉందా అని అడిగారు.

లేదండి. ఎందుకు లేదో ముందు చెబుతాను, ఎందుకంటే ఆశపడి ఏదో ఒకటి పోసేవాళ్లే ఎక్కువ నష్టపోతారు. మీకు వద్దనుకున్న పీత, మీకు కావాల్సిన రొయ్య, రాళ్లలో లెక్కలేనన్ని ఉండే చిన్నచిన్న కోపీపాడ్‌లు అన్నీ ఒకే వర్గం, గుల్ల జీవులు (క్రస్టేషియన్లు). ఒకదాన్ని చంపే మందు మిగతావాటిని వదిలిపెట్టదు. అక్రోపోరా కోరల్ మీద ఉండే ఎర్రపురుగులకు వాడే మిల్బెమైసిన్ ట్యాంకులో పడితే రొయ్యలు, పీతలు, కోపీపాడ్‌లు అన్నీ పోతాయి. చేపల జబ్బులకు వాడే రాగి మందు ఇంకా మొండిది. రాళ్లు, ఇసుక దాన్ని పీల్చుకుని తర్వాత చాలాకాలం కొద్దికొద్దిగా వదులుతుంటాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్ అయినా పెప్పర్‌మింట్, క్లీనర్ రొయ్యలకు పడదు. అందుకని ట్యాంకులో ఏ మందూ పోయకండి. ఎవరు ఏం చేస్తున్నారో కళ్లారా చూసి, ఒక్కొక్కదాన్ని విడిగా పట్టుకోవాలి. దానికి కావాల్సింది ఒక టార్చి, దాని ముఖానికి చుట్టడానికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం. లైట్లు ఆరిన గంటన్నర తర్వాత ఎర్ర వెలుగులో చూడండి. గుల్ల జీవులకు ఎరుపు సరిగా కనబడదు కాబట్టి బెదిరి లోపలికి పారిపోవు.

మొదట రొయ్యల దగ్గరికే వెళ్లాలి, ఎందుకంటే అవి అసలు పెప్పర్‌మింట్ రొయ్యలు కాకపోవచ్చని నా అనుమానం. లిస్మాటా జాతి పెప్పర్‌మింట్ రొయ్య ఒళ్లు గాజులా ఉంటుంది, దాని మీద సన్నని ఎర్ర గీతలు. తెల్ల గీత గానీ తెల్ల చుక్క గానీ ఉండదు. దాని పేరుతోనే తరచూ అమ్ముడయ్యేది కామెల్ రొయ్య, రింకోసినేటిస్ జాతి. దానికి ఎర్ర గళ్ల మధ్యలో తెల్లటి గీతలు, చుక్కలు స్పష్టంగా ఉంటాయి, వీపు ఒంటె మూపురంలా లేచి ఉంటుంది, కళ్లు పెద్దవి, ముక్కులాంటి ముల్లు కీలు మీద పైకీ కిందికీ కదులుతుంది. ఇది జోఆంథిడ్‌లను, మష్రూమ్ కోరల్స్‌ను కొరుక్కు తింటుంది. అయిప్టేసియా జోలికి పోతుందన్న నమ్మకం లేదు. మీరు చెప్పిన లక్షణాలు అచ్చం దీనివే. తెల్ల చుక్కలు కనబడితే నాలుగింటినీ తీసేయండి, ఇంకా ఆలోచించక్కర్లేదు.

నిజంగానే పెప్పర్‌మింట్ అయితే తప్పు మేత దగ్గర ఉండొచ్చు. ట్యాంకులో రోజూ మైసిస్ (మేతగా వేసే చిన్న రొయ్యలాంటి జీవులు), గుళికలు దండిగా దొరుకుతుంటే అయిప్టేసియాను కొరికే అవసరం దానికి రాదు. మేత సగానికి తగ్గించి, చేపలకు పగలే వేసి, మిగిలింది లాగేయండి. నాలుగు రొయ్యలు మీ ట్యాంకుకు సరిపోతాయి. రెండు మూడు వారాల్లో చిన్న మొలకలు మాయమవుతాయి. రెండు సెంటీమీటర్లకు మించి నోటి డిస్కు (నోటి చుట్టూ ఉండే పళ్లెంలాంటి భాగం) విప్పినవాటిని మాత్రం చాలా రొయ్యలు ముట్టుకోవు. ఎర్ర వెలుగులో గమనిస్తే కారణం కనబడుతుంది: రొయ్య పక్కనుంచి వచ్చి ముందు కాళ్లతో కాండాన్ని పట్టి లాగుతుంది, కుట్టే టెంటకిల్ (తీగలాంటి చేయి) తగలగానే వెనక్కి గెంతుతుంది, మళ్లీ వస్తుంది. చిన్నదైతే నాలుగోసారికి ఊడి వస్తుంది, పెద్దది రాదు. ఆకలి మరీ ఎక్కువైతే రొయ్యలు కోరల్ నోట్లోంచి మేతను లాక్కుంటాయి. అకాన్, యూఫిలియా కోరల్స్‌కు మేత పెట్టేటప్పుడు పైన కోసిన ప్లాస్టిక్ సీసా మూతలా పెట్టి, పది నిమిషాలాగి తీయండి.

పెద్ద అయిప్టేసియాను మీరే చంపాలి. గోరుతో గిల్లడం, కత్తెరతో కత్తిరించడం వద్దు. అది పాదం నుంచి చిన్న ముక్క రాలినా దానితో కొత్తదాన్ని మొలిపిస్తుంది, ఒకటి పోయి ఐదు వస్తాయి. కాల్షియం హైడ్రాక్సైడ్ పొడి, అంటే రీఫ్ ట్యాంకులకు వాడే కాల్క్‌వాసర్, ఒక టీస్పూను తీసుకోండి. ఆర్వో నీళ్లు కొన్ని చుక్కల చొప్పున కలుపుతూ సిరంజిలోంచి కారేంత చిక్కటి పేస్టు చేయండి. పలచగా చేస్తే నీళ్లలో కరిగి తెల్లటి మేఘమవుతుంది, దెబ్బ తగలదు. కళ్లద్దాలు, గ్లవ్స్ తప్పనిసరి, కంట్లో పడితే కాలుతుంది. పంపులన్నీ ఆపండి. మొనకోసిన సూది గల 3 మిల్లీలీటర్ల సిరంజిని పై నుంచి చాలా నెమ్మదిగా, నీడ పడకుండా దించండి. సూదితో పొడవకూడదు. నోటి డిస్కుకు సరిగ్గా పైన అర మిల్లీలీటరు వదలండి. అది ముడుచుకుంటూ పేస్టును తనే లోపలికి లాక్కుంటుంది. ముడుచుకున్న రంధ్రం మీద ఇంకాస్త పోసి నోరు మూసేయండి. పదిహేను, ఇరవై నిమిషాల తర్వాత తెల్లటి మడ్డిని సన్న పైపుతో లాగేసి పంపులు వేయండి. పక్కన రెండు సెంటీమీటర్లలో కోరల్ ఉంటే దీన్ని వాడకండి, లేదా రాయిని బయటికి తీసి చేయండి. 200 లీటర్లకు ఒక రోజు ఐదారు మాత్రమే, ఎందుకంటే ఇది పీహెచ్‌ను పెంచుతుంది. 8.5 దాటితే ఆ రోజుకు ఆపేయండి. పదిహేనింటికీ మూడు రోజులు పడుతుంది. వారం తర్వాత అదే చోట చిన్నవి లేస్తే కంగారుపడకండి, వాటి సంగతి రొయ్యలు చూసుకుంటాయి.

బెర్గియా అనే చిన్న నూడిబ్రాంక్ (చిప్పలేని సముద్రపు నత్త) కూడా ఉంది. అది అయిప్టేసియా తప్ప ఇంకేదీ తినదు, అందుకే నమ్మకమైనది. కానీ పెప్పర్‌మింట్ రొయ్యలు దాన్నే తినేస్తాయి, కొన్ని రాస్ చేపలు కూడా. రెండూ కలిపి వేస్తే డబ్బు నీళ్లలో పోసినట్లే. రొయ్యనో బెర్గియానో ఒకటే ఎంచుకోండి.

ఇక హెర్మిట్ పీతలు. ఇరవై అంటే మీ ట్యాంకుకు ఎక్కువ, ఎనిమిది చాలు. పైగా అవి నత్తను చంపేది మాంసం కోసం తక్కువ, చిప్ప కోసం ఎక్కువ. హెర్మిట్ పీత పొట్ట మెత్తన, దానికి గుల్ల ఉండదు. పెరిగేకొద్దీ పెద్ద చిప్ప కావాలి. దొరక్కపోతే లోపల ఉన్న నత్తను లాగి పారేస్తుంది. ఒక్కో పీతకు రెండు మూడు ఖాళీ చిప్పలు, ఇప్పుడున్నదాని కన్నా కొంచెం పెద్దవి, రకరకాల సైజుల్లో ఒక మూల పోయండి. టర్బో, సెరిత్ చిప్పలు బాగా పనిచేస్తాయి. రంగు వేసినవి, వార్నిష్ పూసినవి వద్దు. పది నిమిషాలు ఉడకబెట్టి, లోపల మాంసం మిగల్లేదని చూసి వేయండి. ఆ చిప్పను పీత ఎలా బేరం చేస్తుందో ఒకసారి చూడండి. ముందు మీసాలతో తడుముతుంది, పంజాను చిప్ప నోట్లోకి పూర్తిగా దూర్చి లోతు కొలుస్తుంది, రెండు మూడుసార్లు దొర్లించి ఇసుక కారేలా చేస్తుంది, ఆ తర్వాత కన్నుమూసి తెరిచేలోగా ఇల్లు మారిపోతుంది. నచ్చకపోతే మళ్లీ పాతదాంట్లోకే. చారలున్న హాలోవీన్ హెర్మిట్ మాత్రం గుండ్రటి నోరున్న చిప్పను సాధారణంగా ఇష్టపడదు, సన్నని చీలికలాంటి నోరున్న కోన్ చిప్ప కావాలి.

నీలికాళ్ల హెర్మిట్ చిన్నదే కానీ దుడుకు ఎక్కువ. స్కార్లెట్ హెర్మిట్ ఎర్రకాళ్లు, పసుపు ముఖంతో నెమ్మదిగా ఉంటుంది. నత్తలు కావాలనుకునేవాళ్లకు నేను రెండోదాన్నే చెబుతాను. అయితే చచ్చిన ప్రతి నత్తనూ పీత ఖాతాలో రాయకండి. ఆస్ట్రేయా నత్త వెల్లకిలా పడితే తనంతట తాను తిరగబడలేదు, అలాగే పడి నీరసిస్తుంది, అప్పుడు పీతలు చేరతాయి. ట్రోకస్ అయితే తిరగబడగలదు. పొద్దున్నే చూసి పడ్డవాటిని లేపండి, కొత్తవి కొనేటప్పుడు ట్రోకస్ కొనండి.

ఒక్క మాట ఇక్కడే చెప్పాలి. పొద్దున్న రొయ్య గాజులా, ఖాళీగా, మీసాలతో సహా పడి ఉంటే చచ్చిందనుకుని మొత్తం నీళ్లు మార్చేస్తుంటారు. అది విడిచిన గుల్ల. వీపు దగ్గర చీలిక ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. రొయ్య ఒకటి రెండు రోజులు రాళ్లలో దాక్కుంటుంది, కొత్త గుల్ల గట్టిపడాలి కదా. పాతదాన్ని తీయకండి, పీతలు తిని ఖనిజాలు తిరిగి తీసుకుంటాయి. గుల్ల సగంలో ఇరుక్కుని చచ్చిపోతుంటే మాత్రం సాలినిటీ (నీళ్లలో ఉప్పు శాతం) ఊగుతోందేమో చూడండి. సాలినిటీ 35 పీపీటీ, ఆల్కలినిటీ 8 నుంచి 9 డీకేహెచ్, మెగ్నీషియం 1,250 నుంచి 1,350 పీపీఎం దగ్గర నిలకడగా ఉంచండి. సాలినిటీ కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను మంచినీళ్లతో కాకుండా 35 పీపీటీ ద్రావణంతోనే సరిచూడాలి. అయోడిన్ కొలవకుండా పోయొద్దు, నీళ్లు మార్చినప్పుడు ఉప్పులోంచి వచ్చేదే చాలు. కొత్త రొయ్యను సన్న ట్యూబుతో సెకనుకు రెండు మూడు చుక్కలు వదులుతూ గంటన్నర పాటు అలవాటు చేయండి.

రాత్రి శబ్దానికి వద్దాం. ముందు హీటర్ వైరు తీసేసి వినండి. చాలా టక్ టక్‌లు థర్మోస్టాట్‌వే. అది కాకపోతే రెండే అనుమానాలు. ఒక పంజా రెండోదానికన్నా చాలా పెద్దదిగా ఉండి, రాయి కింద ఇసుక తవ్వుకుంటూ ఉంటే పిస్టల్ రొయ్య. వీటిలో కొన్ని రకాలు గోబీ చేపతో కాపురం చేస్తాయి, ఉండనివ్వండి. కాడల మీద కళ్లు ఒకటి ఇటూ ఒకటి అటూ తిరుగుతూ, ముందు కాళ్లు మడిచి ఉంటే మాంటిస్ రొయ్య. అది ఉంటే నత్త చిప్పలు సుత్తితో కొట్టినట్టు పగిలి ఉంటాయి. హెర్మిట్ చంపిన నత్త చిప్ప పగలదు, ఖాళీ అవుతుందంతే. ఈ ఒక్క తేడాతో నేరస్తుడు ఎవరో తేలిపోతుంది. మాంటిస్ ఏ రంధ్రంలో ఉందో గుర్తించి రాయిని బయటికి తీసి, బకెట్ మీద పట్టుకుని ఆ రంధ్రంలోకి సిరంజితో ఉత్త సోడా కొట్టండి. కొన్ని సెకన్లలో బయటికి దూకుతుంది. రాయిని ఉప్పునీళ్లలో కడిగి వెనక్కి పెట్టండి. దాన్ని వేళ్లతో పట్టుకోవద్దు, వేలు చీలుతుంది.

రాళ్లతో వచ్చిన తెలియని పీత కనబడితే పంజా కొన చూడండి. నల్లగా, మొనదేలి ఉండి, ఒళ్లంతా వెంట్రుకలుంటే మాంసం తినేది. చెంచాలా గుండ్రంగా ఉంటే నాచు గీక్కునేది, బుడగ నాచు తినే ఎమరాల్డ్ పీత పంజా అలాగే ఉంటుంది. మొదటిదాన్ని పట్టడానికి నున్నటి గాజు గ్లాసు చాలు. రాయికి ఆనించి ఏటవాలుగా పెట్టి, అడుగున చిన్న రొయ్య ముక్క వేయండి. పీత దిగుతుంది, గాజు మీద కాలు జారి ఎక్కలేదు. హెర్మిట్‌లూ పడతాయి, వాటిని వదిలేయండి.

బ్రిసిల్ పురుగుల గురించి అందరూ భయపెడతారు, అక్కర్లేదు. మిగిలిన మేతను తిని శుభ్రం చేసేవి అవి. అవి లెక్కకు మించాయంటే మీరు మేత ఎక్కువ వేస్తున్నారని అర్థం. ముళ్లు గుచ్చుకుంటే సెలోటేపు అంటించి లాగండి. వెర్మెటిడ్ నత్తలు సాలెగూడులాంటి జిగురు వదిలి కోరల్స్‌ను విసిగిస్తాయి, గొట్టం మూతి మీద జెల్ సూపర్ గ్లూ చుక్క వేస్తే సరి. ఎర్రటి ఫ్లాట్‌వార్మ్‌లు పట్టి, మందు వాడక తప్పదనిపిస్తే మాత్రం దానికి ముందు సైఫన్‌తో వీలైనన్ని లాగేయాలి. చచ్చేటప్పుడు అవి విషం వదులుతాయి, పక్కన యాక్టివేటెడ్ కార్బన్, మార్చడానికి నీళ్లు సిద్ధంగా ఉండాలి. ఆస్టెరినా అనే చిన్న నక్షత్ర చేపల్ని వదిలించుకోవడం కోసం హార్లెక్విన్ రొయ్య కొనకండి. అది నక్షత్ర చేపలు తప్ప వేరేది తినదు, అవి అయిపోయాక ఆకలితో చస్తుంది.

మీరు ఈ వారం చేయాల్సింది: రొయ్యల వీపు మీద తెల్ల చుక్కలు వెతకండి, పగిలిన చిప్పలు వెతకండి, ఖాళీ చిప్పలు వేయండి, ఐదు అయిప్టేసియాకు పేస్టు పెట్టండి. ఇకమీదట కొత్త కోరల్ తెస్తే ప్లగ్గుతో (కోరల్‌ను అతికించి అమ్మే చిన్న దిమ్మతో) సహా పెట్టకండి. అయిప్టేసియా, పురుగుల గుడ్లు ప్లగ్గు అడుగునే ఉంటాయి, డిప్‌లో (కోరల్‌ను ముంచే పురుగుమందు నీళ్లలో) తల్లి పురుగు చస్తుంది కానీ గుడ్డు చావదు. ప్లగ్గు విరిచి పారేసి, కోరల్‌ను డిప్‌లో ముంచి, శుభ్రమైన ఉప్పునీళ్లలో కడిగి కొత్త ప్లగ్గుకు అతికించండి. విడి ట్యాంకులో ఉంచి ఐదారు రోజులకోసారి మరో రెండు సార్లు డిప్ చేశాకే మిగతావాటితో కలపండి.