వాతావరణ మార్పు మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ ఒకేలా తగులుతుందా? ఎండు చేపల ఇంటి నుంచి నా జవాబు

ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్ పీజీ) చదివే చెల్లెమ్మ అడిగిన ప్రశ్న ఇది. నెల్లూరు, ప్రకాశం తీరం పల్లెల్లో వాతావరణ మార్పు దెబ్బ ఆడవాళ్ళకు వేరుగా ఉంటుందా, దాన్ని తట్టుకోవడానికి జరుగుతున్న పనుల్లో వాళ్ళ వాటా ఎంత అని. ఇప్పటికే ఒకరిద్దరు తుపాను ఆడా మగా చూసి రాదు అని రాశారు. నిజమే, రాదు. తుపాను వెళ్ళాక నష్టం రాసుకోవడానికి వచ్చే కాగితం మాత్రం చూసే వస్తుంది.

మాది కావలి వైపు పట్టపుపాలెం, చేపలు పట్టేవాళ్ళ పల్లె. నాయిన వేరే వాళ్ళ ఫైబర్ బోటు మీద వాటాకు పోయేవాడు, అమ్మది ఎండు చేపల వ్యాపారం. నేను ఇప్పుడు డ్వాక్రా సంఘాల లెక్కలు రాస్తుంటా. కాబట్టి చెప్పేది ఎక్కువగా చేపల సంగతే. మెట్ట పైరుల గురించి తెలిసినవాళ్ళు వేరే రాయండి.

మా జిల్లాకు పెద్ద వాన నైరుతిది కాదు, ఈశాన్యానిది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు ఉంటుందని మా జేజి కాలం నుంచీ తెలిసిందే. ఆ లోపలే ఎండబెట్టి, గోతాల్లో కట్టి, అటకెక్కించేవాళ్ళు. ఆ లెక్క ఇప్పుడు కుదరడం లేదు. రోజుల తరబడి తుంపరగా పడాల్సింది రెండు రాత్రుల్లో కుమ్మరించి పోతోంది. 2015 నవంబరు వరద, 2020లో నివర్ తుపాను, 2021 నవంబరు వరద, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను, మా వైపు ఏ ఇంట్లో అడిగినా వరసగా చెప్తారు. అది చాలదన్నట్టు సంక్రాంతి దాటాక, చేప ఎండాల్సిన మంచి రోజుల్లో, ఎవరూ అనుకోని వాన ఒకటి వచ్చి పడుతుంది.

నెత్తళ్ళు (సన్న చేపలు) మంచి ఎండకు రెండు రోజుల్లో ఎండుతాయి. పొద్దున్నే పరచాలి, మధ్యాహ్నం ఒకసారి తిరగెయ్యాలి. ఎండిందా లేదా అని అమ్మ ఒకదాన్ని రెండు వేళ్ళ మధ్య పెట్టి విరిచి చూసేది. టప్పున విరిగితే గోతంలోకి, వంగితే ఇంకో పూట ఎండలోకి. ఆ వంగే దశలో వాన తగిలిందా, ఇక అంతే. తెల్లారేసరికి రంగు మారుతుంది, మర్నాటికి పురుగు పడుతుంది. అప్పుడిక కొనేది కోళ్ళ దాణా వాళ్ళే, వాళ్ళు చెప్పిందే ధర. పాటలో (వేలంలో) పచ్చి చేప కొనడానికి తెచ్చిన డబ్బుకు వారం వడ్డీ మాత్రం తడవదు, అట్టాగే ఉంటుంది.

ఇప్పుడు కాగితం సంగతి. విపత్తు సాయం నిబంధనల్లో పడవ పూర్తిగా పోతే ఇంత, దెబ్బ తింటే ఇంత, వలకు ఇంత అని ఉంది. పడవకు నంబరు ఉంటుంది, ఫొటో తీస్తారు. ఇసుక మీద తడిసిన చేపకు నంబరెక్కడిది? మా వాడలో పడవ నష్టం రాసుకుని పోయినవాళ్ళను చూశాను గానీ, నీ చేప ఎంత పోయిందమ్మా అని అడిగినవాళ్ళను చూడలేదు. వేట నిషేధం సాయం కూడా ఇంతే. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మోటారు బోట్లు కదలకూడదు. మన రాష్ట్రంలో ఆ సాయాన్ని 2019లో 10 వేలు చేశారు, 2025లో 20 వేలు. మంచి పనే, ఆ రెండు నెలలు మా ఇళ్ళు నడిచేది దాంతోనే. కానీ ఆ జాబితా పడవెక్కే వాళ్ళది. ఇంటికి వస్తే ఇద్దరికీ వచ్చినట్టే కదా అంటారు. మొగుడు పోయి, పిల్లల్ని పెట్టుకుని, గంప మీదే బతికే మనిషి ఇంటికి ఎవరి పేరు మీద వస్తుంది? చేప లేని ఆ రెండు నెలలు ఆమె ఐసు చేప కోసం ఎక్కడికో పోవాలి, లేదంటే రొయ్యల షెడ్డులో తలలు తీసే కూలికి పోవాలి.

నన్నడిగితే తీరంలో ఆడవాళ్ళ కష్టాన్నంతా ఒక్క ప్రశ్న పెట్టి కొలవొచ్చు: మీరు చేప ఆరబెట్టే నేల ఎవరిది? చాలా పాలేల్లో (మత్స్యకార పల్లెల్లో) అది పోరంబోకు, అంటే సర్కారు నేల. పట్టా లేదు, గట్టు లేదు. రొయ్యల గుంట వచ్చినా, రిసార్టు వచ్చినా, రోడ్డు వేసినా మొదట పోయేది అదే. సముద్రం కోసినా అదే. పడవలను ఇంకో పక్కకు లాక్కోవచ్చు, ఆరబెట్టే జాగాను ఎక్కడికి లాక్కుంటారు? కొత్త సాధనాలు రావడం లేదని కాదు. సరుగుడు బాదులు పాతి, నడుము ఎత్తున పాత వల బిగించి దాని మీద చేప పరిస్తే ఇసుక అంటదు, కింద నుంచి కూడా గాలి ఆడుతుంది, వాన వస్తే పైన పట్ట కప్పడమే. అట్టా ఎండిన చేపకు ధర కూడా బాగుంటుంది. కానీ రేపు ఎవరు ఖాళీ చేయమంటారో తెలియని నేల మీద బాదులు ఎవరు పాతుతారు? సోలార్ డ్రయ్యర్లు ఒక సంఘానికి ఇచ్చారు, చూడ్డానికి బాగానే ఉన్నాయి. పాటలో కొన్న సరుకులో పావు వంతు కూడా వాటిలో పట్టదు. ఇప్పుడు వాటిలో మిరపకాయలు ఎండుతున్నాయి.

ఈ నేల విషయంలో చట్టం మన పక్కనే ఉంది, ఆ సంగతి మన వాళ్ళకే తెలియదు. 2011 సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలం) నోటిఫికేషన్ ప్రకారం తీర ప్రాంత ప్లాను గీసేటప్పుడు మత్స్యకార గ్రామాల ఉమ్మడి స్థలాలను, చేపలు ఆరబెట్టే చోట్లతో సహా, మ్యాపులో చూపించాలి. 2019 నోటిఫికేషన్ కూడా ఆరబెట్టే యార్డులను స్థానిక మత్స్యకారుల అవసరాల కింద ఒప్పుకుంది. చెల్లెమ్మా, నీ రిపోర్టుకు నిజంగా పనికొచ్చే పని చెప్పనా? నువ్వు పోయే ఊరి మ్యాపు తీసుకుని, ఆరబెట్టే జాగా అందులో ఉందో లేదో చూడు. లేకపోతే అక్కడి ఆడవాళ్ళను వెంటబెట్టుకుని హద్దులు నడిచి, గ్రామసభలో రాయించు. నూరు మందికి ప్రశ్నాపత్రాలు నింపించడం కన్నా అది మేలు.

పథకాల్లో ఆడవాళ్ళకు వాటా బొత్తిగా లేదనీ అనను. 2020లో వచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో మామూలుగా 40 శాతం సబ్సిడీ అయితే ఆడవాళ్ళకు 60 శాతం. అందులోనే వాతావరణాన్ని తట్టుకునే తీర గ్రామాలని దేశం మొత్తం మీద 100 ఊళ్ళకు, ఊరికి 2 కోట్ల చొప్పున పెట్టారు. ఆరబెట్టే యార్డు, చేపల మార్కెట్టు, ఐసు ప్లాంటు ఆ డబ్బుతో కట్టుకోవచ్చు. చిక్కు సబ్సిడీ పోను ఆమె పెట్టాల్సిన మిగతా 40 శాతంలో ఉంది. అది చేతిలో ఉండాలి, కొన్నిటికి జాగా కూడా చూపించాలి. రెండూ ఉన్న ఆడమనిషి గంప ఎందుకు ఎత్తుతుంది? పేరు ఆమెది, సబ్సిడీ బండి మరిదిది అయిన కేసులు నా రిజిస్టర్లలోనే ఉన్నాయి.

నీళ్ళ గురించి కూడా రాయాలి. మా ఇసుక నేలల్లో వాన నీరు ఉప్పు నీటి మీద తేలుతూ నిలుస్తుంది. అందుకే పెద్దవాళ్ళు లోతుగా పోకుండా దొరువు (లోతు లేని నీటి గుంట) తవ్వి పైపైన తోడుకునేవాళ్ళు. ప్రకాశం, బాపట్ల తీరంలో దొరువు నీళ్ళు బిందెలతో మోసి కూరగాయలు పండించింది ఎక్కువగా ఆడవాళ్ళే. భూగర్భ జలాల వాళ్ళ లెక్క ప్రకారం సముద్ర మట్టం కన్నా ఒక మీటరు ఎత్తున తీపి నీరు నిలిచి ఉంటే, దాని కింద దాదాపు 40 మీటర్ల లోతు దాకా తీపి నీరే ఉంటుంది. ఆ పై మీటరు తగ్గిందా, కింద నుంచి ఉప్పు పైకి ఎక్కుతుంది. బోరు వేసి మోటారుతో లాగినా, రొయ్యల గుంట నీరు ఇంకినా, ఉప్పెన నీరు నిలిచినా అదే జరుగుతుంది. ఊళ్ళో మోటారు నడిపేది మగవాళ్ళు. నీళ్ళు చెడ్డాక బిందె పట్టుకుని పొరుగూరికో, డబ్బులు పట్టుకుని క్యాన్ల బండి దగ్గరికో పోయేది మేము. బాపట్ల వ్యవసాయ పరిశోధకులు దొరువును మెరుగు చేసి, ఇసుకలో అడ్డంగా గొట్టాలు పరిచి పైనీటినే తోడే పద్ధతి తెచ్చారు. నాకు నచ్చింది అది.

తుపాను షెల్టర్ల గురించి ఎక్కువ రాయను. మరుగుదొడ్డికి నీళ్ళు లేని చోటికి పొమ్మంటే ఏ ఆడది ముందుగా పోతుంది? కడదాకా ఇంట్లోనే ఉంటుంది. దాన్ని మొండితనం అని రాసుకుంటారు.

ఇక నిర్ణయాలు. మా పాలేల్లో కాపుల (ఊరి పెద్దల) మాట, వాళ్ళు పెట్టే దురాయి (కట్టుబాటు) చెల్లుతుంది. ఏ రోజు వేటకు పోకూడదు, ఏ వల వాడకూడదు అన్నది అక్కడే తేలుతుంది, ఆ కట్టుబాటు వల్ల సముద్రానికి మేలే జరిగింది. మా ఊరి కూటంలో ఆడవాళ్ళు కూచోరు. పాట ఒడ్డున జరగాలా, హార్బరులో జరగాలా అన్నది మా అమ్మలాంటి వాళ్ళకు కూటి సమస్య, అయినా అడిగేవాళ్ళు లేరు. మా ఆడవాళ్ళకు గొంతు లేదంటే మాత్రం ఒప్పుకోను. 1992లో దూబగుంటలో సారా వద్దని లేచింది ఈ జిల్లా ఆడవాళ్ళే, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బందయింది.

చివరిగా, ఊళ్ళోకి పోయేటప్పుడు పాట జరిగే వేళ పోవద్దు, ఎవరూ నీతో మాట్లాడరు. చేప పరిచాక, తిరగెయ్యకముందు కాస్త తీరిక ఉంటుంది, అప్పుడు పో. నిషేధం రెండు నెలల్లో పోతే సగం మంది ఊళ్ళో ఉండరు. అప్పుల సంగతి మొదటి రోజే అడగొద్దు, అత్త ముందు అసలే అడగొద్దు.