దివ్యాంగ రోగులతో మాట్లాడడానికి ఫార్మసీ విద్యార్థులు ఎందుకు వెనుకాడతారు?

ఫార్మ్‌.డి. నాలుగవ సంవత్సరం చదువుతున్న మీరు, ఆసుపత్రి పోస్టింగులో తోటి విద్యార్థులు దివ్యాంగులతో నేరుగా మాట్లాడలేకపోతున్నారని, దీనికి కారణం దయ లేకపోవడమా, నేర్పేవారు లేకపోవడమా అని అడిగారు. ఒక సేవా శిబిరం పెడితే మార్పు వస్తుందా అన్నది మీ రెండవ ప్రశ్న. తిరుపతిలో ఒక ఆసుపత్రి మందుల కౌంటర్‌లో చాలా ఏళ్లుగా ఇంటర్న్‌లకు పని నేర్పుతున్న ఫార్మసిస్టుగా నేను చూసినది చెబుతాను.

దయకు మన పిల్లల్లో కొదవ లేదు. తిరుమలలో వృద్ధులకు, దివ్యాంగులకు ప్రత్యేక దర్శనం ఉండడం చూస్తూ పెరిగిన ఊరు ఇది. చక్రాల కుర్చీ కనిపిస్తే ఎవరూ చెప్పకుండానే పక్కకు జరుగుతారు. చిక్కు వచ్చేది ఆ తరువాత మాట్లాడవలసి వచ్చినప్పుడే. చూపు లేని ఒక పెద్దాయన కోడలితో కలిసి మందులకు వచ్చినప్పుడు, మా ఇంటర్న్ అమ్మాయి చీటీ చదివి, ఎంతో మర్యాదగా, మొత్తం ఆ కోడలికే వివరించింది: ‘ఈయన ఇది టిఫిన్ ముందు వేసుకోవాలి, ఇది రాత్రి అన్నం తిన్నాక.’ ఆయన అంతా విని, ‘మాత్ర మింగేది నేను కదమ్మా, నాతో చెప్పు’ అన్నారు. ఆ మాటలో కోపం లేదు. తరువాత జరిగిన సంభాషణలో తెలిసిందేమిటంటే, రెండు స్ట్రిప్పులూ చేతికి ఒకేలా తగులుతున్నందువల్ల ఆయన రాత్రి మాత్రల స్ట్రిప్పు మూల కత్తిరించి గుర్తు పెట్టుకుంటున్నారు. అలా కత్తిరించినప్పుడు గడువు తేదీ ముద్రించిన ముక్క కూడా పోతోంది. రాత్రి స్ట్రిప్పుకు రబ్బరు బ్యాండు చుట్టమని ఆ అమ్మాయే సూచించింది. కోడలితో ఎంతసేపు మాట్లాడినా ఈ సంగతి బయటపడేది కాదు, ఎందుకంటే ఆమెకు కూడా అది తెలియదు.

కాబట్టి నా అభిప్రాయంలో లోపం శిక్షణలోనే ఉంది. రోగికి మందుల గురించి వివరించడం రిజిస్టర్డ్ ఫార్మసిస్టు బాధ్యత అని 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు చెబుతున్నాయి. మన విద్యార్థులు దాన్ని పరీక్షలో చక్కగా రాస్తారు. అయితే ఆ రోగికి వినబడకపోతే, కనబడకపోతే, చేతివేళ్లు సహకరించకపోతే ఏం చేయాలో ప్రాక్టికల్‌లో చేయించేవారు తక్కువ. వైద్యులు, నర్సులు, పారామెడికల్ సిబ్బంది చదువుల్లో వైకల్యాన్ని ఒక అంశంగా చేర్చాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 47వ సెక్షన్ చెబుతోంది. 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలు ఉండగా, ఈ చట్టం 21 రకాలను గుర్తించింది; తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వ్యాధి, పార్కిన్సన్స్ వ్యాధి కూడా వాటిలో ఉన్నాయి. అంటే, కర్ర గానీ కుర్చీ గానీ లేకుండా మన ఎదుట నిలబడినవారిలో కూడా దివ్యాంగులు ఉంటారు. మానసిక అనారోగ్యం ఉన్నవారి విషయంలో విద్యార్థుల వైఖరి మరింత బిగుసుకుపోవడం నేను చూశాను. అక్కడ జాలి స్థానంలో భయం ఉంటుంది, దాని గురించి విడిగా రాయవలసినంత ఉంది.

వినికిడి లేనివారి దగ్గర జరిగేది వేరు. చిత్తూరు సరిహద్దు అవతలి నుంచి వచ్చిన ఒక తల్లి తన బిడ్డకు మూర్ఛ మందు, ఫెనిటాయిన్ సస్పెన్షన్ (ద్రవంలో కరగకుండా తేలుతూ ఉండే మందు), తీసుకుంటుండగా మా ఇంటర్న్ అబ్బాయి గొంతు పెంచి చెప్పాడు, ఆ తరువాత తెలుగులో రాసి ఇచ్చాడు. ఆమెకు చదవడం వచ్చింది తమిళం మాత్రమే. ఈ మందును ప్రతిసారీ బాగా కుదపకపోతే అసలు మందు అడుగుకు దిగిపోయి, సీసా మొదట్లో మోతాదు తక్కువై ఫిట్స్ రావచ్చు, చివరికి వచ్చేసరికి మోతాదు ఎక్కువై బిడ్డ మత్తుగా తూలవచ్చు. ఆ అబ్బాయి చివరకు మాస్కు దించి, ఆమె ఎదురుగా నిలబడి, సీసా కుదిపి చూపించి, కొలత సిరంజి మీద పెన్నుతో గీత పెట్టి, కాగితం మీద సూర్యుణ్ణి, చంద్రుణ్ణి గీశాడు. ఆమె సీసా తీసుకుని తానే కుదిపి, గీత దాకా నీళ్లు లాగి చూపించింది. రోగి మనకు తిరిగి చేసి చూపించేదాకా కౌన్సెలింగ్ పూర్తయినట్లు కాదని నేను పిల్లలకు చెప్పే మాట అతనికి ఆ రోజు నిజంగా అర్థమైంది.

వైఖరిని కొలవడానికి 1960 నుంచీ ప్రశ్నావళులు ఉన్నాయి. దివ్యాంగులను తమలాంటివారిగా చూస్తున్నారా, వేరే రకం మనుషులుగా చూస్తున్నారా అన్నది వాటితో అంచనా వేస్తారు. అవి పనికివచ్చేవే, అయితే కాగితం మీద అందరూ మంచి జవాబులే రాయగలరు. సమాన స్థాయిలో కలిసి పనిచేసినప్పుడే ముందస్తు అభిప్రాయాలు కరుగుతాయని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే రాశారు. మా దగ్గరకు వచ్చిన ఒక బ్యాచ్‌లో కాలికి ఊతంగా కాలిపర్ (లోహపు పట్టీ) వేసుకుని నడిచే అమ్మాయి ఉండేది. ఆమె ఎత్తు స్టూలు అడిగి తీసుకుని, డోసు లెక్కల్లో అందరి తప్పులూ దిద్దేది. ఆ బ్యాచ్ పిల్లలకు దివ్యాంగ రోగులతో ఎలా మాట్లాడాలో నేను ప్రత్యేకంగా చెప్పవలసిన అవసరమే రాలేదు.

ఇక శిబిరం సంగతి. పండ్లు, దుప్పట్లు పంచి ఫొటో దిగే శిబిరం వల్ల ఇచ్చే చేయి, పుచ్చుకునే చేయి అన్న భావమే బలపడుతుంది కనుక నేను దానిని సూచించను. దానికి బదులు, దివ్యాంగులకు శస్త్రచికిత్స, పునరావాసం అందించే టీటీడీ వారి బర్డ్ ఆసుపత్రి వంటి సంస్థ ఉన్న ఊళ్లో చదువుతున్నారు కాబట్టి, పోలియో, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారికి మందుల వాడకం వివరించే పోస్టింగ్ కోసం మీ విభాగాధిపతికి క్లాసు తరఫున లిఖితపూర్వకంగా అడగండి. చూపు లేనివారినో, వినికిడి లేనివారినో క్లాసుకు ఆహ్వానించి, మీరు కౌన్సెలింగ్ చేస్తుంటే వారే మార్కులు వేసేలా ఏర్పాటు చేయమని కూడా ఆ ఉత్తరంలో రాయండి. వచ్చినవారికి ప్రయాణ ఖర్చు, గౌరవ వేతనం ఇవ్వాలన్నది మరువకండి.