నూటికి డెబ్బై ఐదు అంటే ఏ నూటికి?

ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ బేబీ చికిత్స) చేయించుకోవాలనుకుంటున్నామని, మీ ఆవిడకి 36 ఏళ్ళు, ఏఎంహెచ్ (అండాల నిల్వను చెప్పే రక్తపరీక్ష) 1.1 అని అన్నారు. విశాఖలో రామ్‌నగర్ సెంటరు 75 శాతం సక్సెస్ అంటోంది, ఎంవీపీ కాలనీ సెంటరు 40 అంటోంది, ఎటు వెళ్ళాలని అడిగారు. రెండు సెంటర్ల మధ్య అంత తేడా కనిపిస్తే ముందు డాక్టరు హస్తవాసి మీద కాదు, లెక్క మీద అనుమానపడాలండి. ఇద్దరూ చెప్తున్నది ఒకే లెక్క కాకపోవచ్చు.

లెక్క కోసం ఒక సెంటరు అనుకుందాం. వందమంది ఆడవాళ్ళు అండాలు పెరగడానికి ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఫాలికిల్స్ (అండాలుండే తిత్తులు) సరిగా పెరగక పదిమందికి సైకిల్ (ఆ విడత చికిత్స) ఆపేశారు. తొంభైమందికి ఎగ్ పికప్, అంటే అండాలు బయటికి తీయడం, అయింది. అండాలు దొరకక, ఫలదీకరణ జరగక, ఎంబ్రియోలు (పిండాలు) మధ్యలో ఆగిపోయి ఇంకో పదిహేనుమంది రాలిపోయారు. ట్రాన్స్‌ఫర్ దాకా, అంటే ఎంబ్రియోని గర్భసంచిలో పెట్టేదాకా, వచ్చింది 75 మంది. వాళ్ళలో రెండు వారాల తర్వాత బీటా హెచ్‌సీజీ (గర్భం వచ్చిందో లేదో చెప్పే రక్తపరీక్ష) పాజిటివ్ వచ్చింది 45 మందికి. ఆరేడు వారాల స్కాన్‌లో గుండె చప్పుడు కనిపించింది 38 మందికి. చివరికి బిడ్డతో ఇంటికి వెళ్ళింది 30 మంది. ఇప్పుడు ఈ సెంటరు 'మా సక్సెస్ 60 శాతం' అన్నా అబద్ధం కాదు, 75లో 45 కదా. '30 శాతం' అన్నా అబద్ధం కాదు, వందలో 30 కదా. హోర్డింగ్ మీదకి ఏది ఎక్కుతుందో మీకు చెప్పక్కర్లేదు. అందుకే శాతం వినగానే రెండు విషయాలు అడగాలి: పైన ఉన్నది బీటా పాజిటివా, గుండె చప్పుడా, పుట్టిన బిడ్డా? కింద ఉన్నది మొదలుపెట్టినవాళ్ళా, పికప్ అయినవాళ్ళా, ట్రాన్స్‌ఫర్ అయినవాళ్ళా?

ఆ వందమంది ఎవరన్నది ఇంకా పెద్ద విషయం. బ్రిటన్‌లో ప్రభుత్వ నియంత్రణ సంస్థ 2019కి ఇచ్చిన లెక్క చూడండి. సొంత అండాలతో, గర్భసంచిలో పెట్టిన ఒక్కో ఎంబ్రియోకి బిడ్డ పుట్టినది 35 లోపు వయసులో 32 శాతం, 35-37లో 25, 40-42లో 11, 43 దాటాక 5 లోపు. పాతికేళ్ళవాళ్ళు ఎక్కువగా వచ్చే సెంటరుకీ, నలభై దాటినవాళ్ళు, వేరే చోట రెండుసార్లు ఫెయిలైనవాళ్ళు వచ్చే సెంటరుకీ ఒకే శాతం రాదు. కష్టమైన కేసుల్ని 'మీకు డోనరే (వేరే ఆవిడ ఇచ్చే అండమే) దారి' అని పక్కకు పంపేసే సెంటరు శాతం ఎప్పుడూ అందంగానే ఉంటుంది.

డోనర్ సంగతి విడిగా చెప్పాలి. డోనర్ అండంతో చేసినప్పుడు ఫలితం ఎక్కువగా డోనర్ వయసును బట్టి ఉంటుంది, తల్లి కాబోయే ఆవిడ వయసును బట్టి కాదు. అవి కలిపేసి చెప్పిన శాతం మీ ఆవిడకి పనికిరాదు. మన 2021 ఏఆర్‌టీ (ఐవీఎఫ్ లాంటి సంతాన చికిత్సల) చట్టం ప్రకారం అండం ఇచ్చే ఆవిడకి 23 నుంచి 35 ఏళ్ళుండాలి, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఆమె నుంచి ఏడు అండాల కన్నా ఎక్కువ తీయకూడదు. 'ఒకే డోనర్ దగ్గర పదిహేను అండాలు ఇప్పిస్తాం' అనే మాట వినిపిస్తే అక్కణ్ణుంచి లేచి వచ్చేయడం మంచిది.

ఇక ఏఎంహెచ్. అది అండాలు ఎన్ని రావచ్చో చెబుతుంది, ఎంత మంచివో చెప్పదు. నాణ్యతకి మనకున్న ప్రధాన కొలత వయసే. 1.1 తక్కువ వైపే గానీ, దాన్ని చూడగానే డోనర్ అనాల్సిన పని లేదు. ఆరు అండాలు వచ్చాయనుకోండి. వాటిలో పక్వమైనవి నాలుగైదు, ఇక్సీ (అండంలోకి ఒక వీర్యకణాన్ని సూదితో ఎక్కించడం) చేశాక ఫలదీకరణ చెందేవి మూడు నాలుగు, అయిదో రోజుకి బ్లాస్టోసిస్ట్ (బాగా ఎదిగిన పిండం) అయ్యేవి ఒకటో రెండో. వాటిలోనూ క్రోమోజోములు సరిగా లేనివి ఉండొచ్చు. ఇరవై అండాలు వచ్చినావిడ శాతంతో మిమ్మల్ని పోల్చుకోవద్దనేది ఇందుకే.

చిన్న సెంటర్ల శాతాలతో ఇంకో చిక్కు. 20 మందిలో 12 మందికి వచ్చిందంటే 60 శాతమే. కానీ అంత తక్కువమంది మీద ఆ సెంటరు అసలు స్థాయి 36 నుంచి 81 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 200 మందిలో 120 అయితే 53 నుంచి 67 మధ్య అనుకోవచ్చు. శాతంతో పాటు సంఖ్య కూడా అడగండి.

అమెరికాలో 1992 నాటి చట్టం వల్ల క్లినిక్‌వారీ ఫలితాలు ప్రజలు చూసుకునేలా వచ్చాయి. మన దగ్గర జాతీయ రిజిస్ట్రీ ఉంది గానీ, విశాఖలో ఏ సెంటరుకి ఎంత అని పోల్చుకునే అలాంటి పట్టిక లేదు. అయితే మన చట్టమే ఇంకో హక్కు ఇచ్చింది: ఆ క్లినిక్‌లో విజయావకాశాలు, లాభనష్టాలు, ఖర్చు, కవలల రిస్కు, ఇవన్నీ కౌన్సెలింగ్‌లో దంపతులకు చెప్పాలి. కాబట్టి మొహమాటపడకుండా ఈ మాటే అడగండి: 'నిరుడు కాకుండా అంతకు ముందు ఏడాది, 35-37 ఏళ్ళవాళ్ళు, సొంత అండాలతో, ఇంజెక్షన్లు మొదలుపెట్టినవాళ్ళు ఎంతమంది? వాళ్ళలో బిడ్డ పుట్టింది ఎంతమందికి, అందులో కవలలు ఎన్ని?' నిరుటిది ఎందుకు వద్దంటే, ఏడాది చివర్లో ట్రాన్స్‌ఫర్ అయినవాళ్ళ కాన్పులు ఇంకా తేలి ఉండకపోవచ్చు. కవలలు ఎందుకంటే, రెండేసి, మూడేసి ఎంబ్రియోలు పెడితే పాజిటివ్ శాతం పెరుగుతుంది. దాంతోపాటు నెలలు నిండని కాన్పులూ, ఎన్ఐసీయూ (పసిబిడ్డల ఐసీయూ) బిల్లులూ పెరుగుతాయి.

డాక్టరు పేరు చూసి వెళ్తాం గానీ సగం పని ల్యాబ్‌ది. ఐరోపా నిపుణులు 2017లో ఒప్పుకున్న కొలతలున్నాయి: ఇక్సీ ఫలదీకరణ కనీసం 65 శాతం, మంచి ల్యాబ్‌కి 80, బ్లాస్టోసిస్ట్ అయ్యేవి కనీసం 40, మంచి ల్యాబ్‌కి 60, ఫ్రీజ్ చేసిన బ్లాస్టోసిస్టులు కరిగించాక బతికేవి కనీసం 90. ఎంబ్రియాలజిస్టుని (ల్యాబ్‌లో పిండాలను చూసుకునే నిపుణుణ్ణి) అడిగితే ఇవి నోటి చివర ఉండాలి. అసలు ఆ ఎంబ్రియాలజిస్టు ఇక్కడే ఉంటారా, వేరే ఊరి నుంచి నెలకోసారి వచ్చి అందరికీ ఒకేసారి పికప్ పెట్టించే బ్యాచ్ పద్ధతా? బ్యాచ్ అయితే మీ ఫాలికిల్స్ ఎదుగుదల కన్నా ఆయన వచ్చే తేదీకే ఇంజెక్షన్లు సర్దుతారు. అండాలు తక్కువగా వచ్చే మీలాంటివాళ్ళకి అది నష్టం. కరెంటు బ్యాకప్ గురించీ అడగండి, నవ్వితే నవ్వనివ్వండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక ఈ ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేని సంగతి అందరికీ గుర్తే. ఫ్రీజ్ చేసినవి ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల్లో ఉంటాయి, వాటికి కరెంటు అక్కర్లేదు, నత్రజని నింపుతూ ఉంటే చాలు. ఇంక్యుబేటర్‌లో ఉన్న ఎంబ్రియోలకి మాత్రం 37 డిగ్రీలు నిమిషం తప్పకూడదు.

'మూడు సైకిళ్ళ ప్యాకేజీ, రాకపోతే డబ్బు వాపస్' అనేవాటి లెక్క కూడా చూసుకోండి. ఒక్కోసారి 30 శాతం అనుకుంటే మూడుసార్లకి దాదాపు 66 అవుతుంది, కాగితం మీద. నిజంలో అంత రాదు. మొదటిసారి సులభమైనవాళ్ళు గర్భం దాల్చి వెళ్ళిపోతారు, రెండోసారికి మిగిలేది కష్టమైనవాళ్ళే. ఒకే పికప్‌లో వచ్చిన మూడు ఎంబ్రియోలను విడివిడిగా పెడితే మూడు సైకిళ్ళు అంటారా, ఒకటే అంటారా? ఇంజెక్షన్ల ఖర్చు లోపలా, బయటా? వాపస్‌కి వయసు, ఏఎంహెచ్ పరిమితి ఉందా? డబ్బు కట్టకముందే కాగితం మీద రాయించుకోండి.

రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపించమనండి. లెవెల్ 1 అంటే ఐయూఐ (వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి ఎక్కించడం) వరకే. ఐవీఎఫ్ చేయాలంటే లెవెల్ 2 ఉండాలి.

శాతం కొంచెం ఎక్కువ అని హైదరాబాద్ పరుగెత్తే ముందు ఒక సంగతి. ఇంజెక్షన్లు పది పన్నెండు రోజులు, రెండు మూడు రోజులకోసారి స్కాన్, చివర్లో ట్రిగ్గర్ (అండాలను పక్వం చేసే ఆఖరి ఇంజెక్షన్) ఇచ్చిన 34-36 గంటలకి పికప్. ట్రిగ్గర్ టైం తప్పితే అండాలు పక్వం కాకుండానో, ముందే విడుదలైపోయో చేతికి రావు. గోదావరి ఎక్స్‌ప్రెస్ టైముని నమ్ముకుని చేసే పని కాదు. వెళ్తే అక్కడే మకాం పెట్టాలి.

ఎక్కడ చేయించుకున్నా, పికప్ అయ్యాక ల్యాబ్ సమ్మరీ అడిగి తీసుకోండి: ఎన్ని అండాలు, ఎన్ని పక్వమైనవి, ఎన్ని ఫలదీకరించాయి, అయిదో రోజు ఎన్ని, వాటి గ్రేడ్ ఏంటి, ఏ మందు ఎంత మోతాదు. సైకిల్ ఫెయిలై వేరే డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన మొదట అడిగేది ఆ కాగితమే.