ప్నార్ పదాలు పలికితే ఫ్రెండ్‌కు అర్థం కావట్లేదా?
ప్నార్ అంటే మేఘాలయలోని జైంతియా కొండల్లో మాట్లాడే భాష, జోవాయ్ అక్కడి పట్టణం. మీరు ‘ప్నార్’ని ‘పినారు’ అంటున్నారు, మీ జోవాయ్ ఫ్రెండ్‌కు అర్థం కాకపోవడానికి కారణం అదే అయ్యుంటుంది. హల్లుల మధ్య, పదం చివర అచ్చు చేర్చడం మన తెలుగు నోటికి అలవాటు (బస్సు, కారు).

1. పెదవులు మూసి ఉండగానే నాలుకను ‘న’ దగ్గర పెట్టి, అప్పుడు తెరవండి. ‘ఇ’ దూరడానికి సందుండదు.

2. ‘ర్’ దగ్గర ఆగిపోండి.

3. చాలామంది వదిలేసేది ఇదే. రోమన్ లిపిలో రాసిన ప్నార్ పదం చివరి ‘హెచ్’ (h) అంటే గాలి వదలడం కాదు. జోవాయ్‌లో జరిగే బెహ్‌దైన్‌ఖ్లామ్ పండగ పేరే తీసుకోండి. మొదటి ముక్కలో ‘బె’ అనగానే గొంతు ఠక్కున మూసేయాలి, దగ్గు ఆపుకున్నట్టు. ‘హ’ వినిపించకూడదు. ముందు ఆ ఒక్క ముక్కే రికార్డు చేసి వినండి.

4. చివర ప్, త్, క్ వచ్చినా అంతే: మూయండి, విడవకండి.