అల్లుడా, ఆ బూట్ లైను ముట్టే ముందు ఇది చదువు

అల్లుడా,

నిన్న రాత్రి నువ్వు పంపిన ఫోటో చూశాను. నల్లటి స్క్రీన్, ఎడమ మూలన చిన్న గీత ఒక్కటి కొట్టుకుంటోంది, కింద "మామా ఏం చెయ్యాలె" అని నీ మెసేజ్. ఫోన్లో చెప్తే ఆ ఒక్క పూటకు పని అయిపోతుంది గానీ, దేవరకొండలో ఆ చదువుల గదిలో నాలుగు పాత మెషీన్లు నీ ఒక్కడి చేతిలో ఉన్నాయి. రేపు ఇంకోటి ఆగుతుంది, ఎల్లుండి గ్రూప్-4 పాత పేపర్లు చదువుకుందామని పిల్లలు వచ్చి కూర్చుంటారు, అప్పుడు నువ్వు ఆగమాగం కావొద్దు. అందుకే ఇంత పెద్దగా రాస్తున్నా. పదాలు పలికినట్టు రాస్తాను, నువ్వు మాత్రం ఇంగ్లిషు చిన్న అక్షరాలతోనే కొట్టు, కింద వచ్చే యూయూఐడీ, ఐఎస్‌టీ అనే మాటలు మాత్రం పెద్ద అక్షరాల్లో.

ముందు ఒక మాట మనసులో పెట్టుకో. బూట్ అయ్యేటప్పుడు, అంటే మెషీన్ లేచేటప్పుడు, కర్నల్‌కు (విండోస్ బదులు మనం వేసిన లినక్స్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్ అది) మనం ఒకే ఒక్క లైను ఇస్తాం, దాన్నే బూట్ లైను అంటున్నా. పదానికి పదానికి మధ్య ఖాళీ ఉండాలి, ఈక్వల్ గుర్తుకు అటూ ఇటూ ఖాళీ ఉండకూడదు. ఆ లైన్లో స్పెల్లింగ్ తప్పు రాస్తే అది "తప్పు రాశావు" అని ఆగి చెప్పదు, ఆ పదాన్ని పక్కన పడేసి ముందుకు పోతుంది. నువ్వేమో రాశాను కదా, ఎందుకు పని చేస్తలేదు అని రాత్రంతా తల పట్టుకుంటావు. కాబట్టి మెషీన్ లేచాక ప్రతిసారీ టెర్మినల్ (ఆజ్ఞలు టైప్ చేసే కిటికీ) తెరిచి ప్రాక్ ఫోల్డర్‌లోని సీఎండీలైన్ అనే ఫైలును క్యాట్ అనే ఆజ్ఞతో చూడు. కర్నల్‌కు నిజంగా ఏం అందిందో అందులో ఉంటుంది. నువ్వు రాశానని అనుకున్నదీ అక్కడ ఉన్నదీ ఒకటేనా, అక్షరం అక్షరం పోల్చుకో.

ఇప్పుడు నీ ఫోటో సంగతి. అది యాంటీఎక్స్ (పాత మెషీన్లకు సరిపోయే ఒక రకం లినక్స్) వేసిన మెషీన్ కదా. ఆన్ చేయగానే గ్రబ్ (లినక్స్‌ను లేపే ప్రోగ్రామ్) మెనూ రాకపోతే షిఫ్ట్ పట్టుకో, కొత్త రకం బోర్డు అయితే ఎస్కేప్ కొట్టు. మెనూ వచ్చాక ఇంగ్లిషు 'ఈ' నొక్కితే కొన్ని లైన్లు తెరుచుకుంటాయి, అందులో లినక్స్ అనే పదంతో మొదలయ్యే లైను చివరకు పో. అక్కడ క్వైట్ అని ఉంటే ముందు దాన్ని చెరిపెయ్. ఇంకేమీ చేర్చకు. కంట్రోల్ ఎక్స్ గానీ ఎఫ్10 గానీ నొక్కు. ఇప్పుడు గీత బదులు గబగబా అక్షరాలు పరుగెత్తుతాయి, ఎక్కడ ఆగితే అక్కడ చివరి నాలుగు లైన్లు ఫోన్‌తో ఫోటో తీసుకో. రోగం ఏంటో సగం అక్కడే తెలుస్తుంది. అక్షరాలు పరుగెత్తుతూ పరుగెత్తుతూ ఒక్కసారిగా తెర నల్లగా అయిపోతే అది డిస్‌ప్లే డ్రైవర్ పని, అప్పుడు మళ్లీ అదే చోటికి వెళ్లి నోమోడ్‌సెట్ అని చేర్చు. తెర కొంచెం మసకగా, అక్షరాలు పెద్దగా వస్తాయి, ఫరవాలేదు, లోపలికి పోవడానికి దారి దొరికింది. కానీ దాన్ని శాశ్వతంగా వదిలేయకు బిడ్డా, గ్రాఫిక్స్ చిప్పు ఉండీ లేనట్టు అవుతుంది, వీడియో పెడితే మొత్తం భారం ప్రాసెసర్ మీద పడుతుంది. లోపలికి వెళ్లి సరైన డ్రైవర్ సంగతి చూసుకుని ఆ పదం తీసెయ్.

ఇలా మెనూలో మార్చింది ఆ ఒక్క బూట్‌కే. రీస్టార్ట్ చేస్తే పోతుంది. చాలామంది ఇదొక ఇబ్బంది అనుకుంటారు, నాకు మాత్రం మనకు ఇంతకంటే రక్షణ లేదనిపిస్తుంది. ముందు ఇక్కడ రాసి చూడు, రెండు మూడు సార్లు బూట్ చేసి సరిగ్గా ఉందని తేలాకే ఈటీసీ లోపల డిఫాల్ట్ ఫోల్డర్‌లోని గ్రబ్ ఫైల్లో, సీఎండీలైన్ లినక్స్ డిఫాల్ట్ అని ఉన్న వరుసలో కొటేషన్ల మధ్య రాయి, రాసి సుడో అప్‌డేట్-గ్రబ్ కొట్టు. ఆ చివరిది మర్చిపోతే ఫైలు మారినా మెనూ మారదు. ఒక్కసారికి ఒక్క పదమే మార్చు. మూడు పదాలు కలిపి చేరిస్తే, మెషీన్ లేచినా దేనివల్ల లేచిందో తెలియదు.

ఇక టైనీ కోర్ (ఇంకా చిన్న రకం లినక్స్) వేసిన రెండు మెషీన్లు. వీటి గురించి నాకు చెప్పాల్సింది ఎక్కువ ఉంది, ఎందుకంటే దెబ్బ తిన్నది ఇక్కడే.

మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లులో కాంటా గదికి పాత కంప్యూటర్ ఒకటి సెట్ చేసి ఇచ్చాను. ఊక దుమ్ము, రోజుకు నాలుగు సార్లు కరెంటు పోవడం, అలాంటి చోటికి టైనీ కోర్‌ను మించింది లేదని ఇప్పటికీ అంటాను. డెస్క్‌టాప్‌తో కలిపి కూడా పాతిక ఎంబీ చుట్టూనే ఉంటుంది, మొత్తం ర్యామ్‌లోకి ఎక్కి నడుస్తుంది, కరెంటు పోయినా సిస్టమ్ ఫైళ్లు చెడవు. మన సాఫ్ట్‌వేర్లు టీసీఈ అనే ఫోల్డర్‌లో ఉంటాయి, ఆ ఫోల్డర్ ఏ డిస్కులో ఉందో బూట్ లైన్లో చెప్పాలి. నేను టీసీఈ=ఎస్‌డీఏ1 (మొదటి డిస్కులో మొదటి భాగం) అని రాశాను. ఆరు నెలలు బ్రహ్మాండంగా నడిచింది. వానాకాలం వడ్లు వచ్చే రోజుల్లో ఒక పొద్దున ఫోన్, కంప్యూటర్ చెడిపోయింది, ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడ్డాయి అని. పోయి చూస్తే డెస్క్‌టాప్ లేదు, కాంటా సాఫ్ట్‌వేర్ లేదు, టీసీ ఎట్ బాక్స్ అని ఒక్క ప్రాంప్ట్ మాత్రం ఉంది. హార్డ్‌డిస్క్ పోయిందనుకుని క్యాబినెట్ విప్పాను, కేబుల్ మార్చాను, దుమ్ము దులిపాను. రెండు గంటలు. బయట రైతులు ఎండలో నిలబడ్డారు, చీటీ చేతికి వస్తే గానీ బండి ఖాళీ కాదు వాళ్లకు, ఆ ముఖాలు నాకింకా గుర్తున్నాయి. చివరికి ఎఫ్‌డిస్క్ ఆజ్ఞతో డిస్కుల జాబితా తీస్తే హార్డ్‌డిస్క్ ఎస్‌డీబీ (రెండో డిస్కు) అయి కూర్చుంది. వెనక పోర్టులో ఎవరో పాటల పెన్‌డ్రైవ్ పెట్టి మర్చిపోయారు, ఆ రోజు బూట్‌లో ఎస్‌డీఏ అనే పేరు దానికి పోయింది. పెన్‌డ్రైవ్ పీకి రీస్టార్ట్ చేస్తే అన్నీ వచ్చేశాయి.

అందుకే చెప్తున్నా, డిస్కు పేరు రాయకు, యూయూఐడీ (డిస్కులోని ఒక్కో భాగానికి, అంటే పార్టిషన్‌కు, ఉండే గుర్తింపు సంఖ్య) రాయి. పేరు వరుసను బట్టి మారుతుంది, యూయూఐడీ ఆ పార్టిషన్‌కే అంటుకుని ఉంటుంది, మళ్లీ ఫార్మాట్ చేస్తే తప్ప మారదు. బీఎల్‌కేఐడీ అని కొడితే చూపిస్తుంది. నీ పార్టిషన్ ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఫార్మాట్ చేసింది కాబట్టి మధ్యలో గీతలతో కలిపి 36 అక్షరాల పొడుగు ఉంటుంది. కాగితం మీద రాసుకుని చూసి కొట్టకు, బీకీ 8కీ తేడా రాత్రిపూట తెలియదు, కాపీ చేసి పేస్ట్ చెయ్. పెన్‌డ్రైవ్ నుంచే నడిపే మెషీన్‌లో వెయిట్‌యూఎస్‌బీ=5 కూడా చేర్చు. యూఎస్‌బీ మేలుకునేదాకా అది ఆగుతుంది, లేకపోతే పెన్‌డ్రైవ్ కళ్లు తెరవకముందే వెతికి లేదనుకుని ముందుకు పోతుంది.

టైమ్ విషయంలో ఒక తిరకాసు ఉంది. మన టైమ్ గ్రీన్‌విచ్ కంటే అయిదున్నర గంటలు ముందు కదా, ప్లస్ రాయాలనిపిస్తుంది. రాయాల్సింది మైనస్: టీజెడ్=ఐఎస్‌టీ-5:30. అక్కడ లెక్క తిరగేసి ఉంటుంది. ప్లస్ రాస్తే గడియారం 11 గంటలు వెనక్కి పోతుంది. అది సరిగ్గా ఉండీ ఇంకా అయిదున్నర గంటలు ముందు చూపిస్తుంటే, ఇదివరకు ఆ మెషీన్‌లో విండోస్ ఉండి బయోస్‌లో (బోర్డు లోపలి గడియారంలో) మన టైమే పెట్టి ఉంటుంది, నోయూటీసీ చేర్చు. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఎక్కడికో పోతుంటే మాత్రం బూట్ లైను జోలికి పోకు, బోర్డు మీద సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టు. అది మార్చు.

ఎప్పుడైనా టైనీ కోర్ సగంలో తికమక పడితే బూట్‌లో బేస్ నోరిస్టోర్ అని రెండు పదాలు కలిపి ఇవ్వు. ఒక్కో పదం అన్న మాటకు ఇదొక్కటే మినహాయింపు. మొదటిది సాఫ్ట్‌వేర్లేవీ ఎక్కనివ్వదు, రెండోది పాత బ్యాకప్‌ను తీసుకోదు, శుభ్రంగా లేస్తుంది. లేచిందంటే మెషీన్‌కు ఏమీ కాలేదు, నువ్వు పెట్టినవాటిలోనే ఏదో చెడింది అని అర్థం. పెన్‌డ్రైవ్ మెనూలో అయితే ట్యాబ్ నొక్కితే లైను మార్చుకోవచ్చు. ర్యామ్‌లోనే సరుకును కుదించి పెట్టే స్వాప్‌ను ఆపేసే నోజెడ్‌స్వాప్ జోలికి మాత్రం పోకు, నీ దగ్గర ఉన్న 1 జీబీలో ఆ కుదింపు స్వాపే నిన్ను కాపాడుతోంది.

స్పీడ్ కోసం మిటిగేషన్స్=ఆఫ్ పెట్టమని ఎవరో చెప్పారన్నావు. వద్దు. 2018లో బయటపడ్డ మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపాలకు కట్టిన తలుపులవి. ఎవరంటే వాళ్లు వచ్చి కూర్చుని మెయిల్ తెరిచే, బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టే గదిలో ఆ తలుపులు తీసెయ్యడం నాకు ఒప్పదు. స్పీడ్ కావాలంటే ర్యామ్ ఇంకో 1 జీబీ వెయ్, నా దగ్గర పాత డీడీఆర్2 ర్యామ్ కర్రలు నాలుగైదు ఉన్నాయి.

ఆదివారం పొద్దున నల్గొండ నుంచి మొదటి బస్సుకే వస్తాను, అవీ రెండు మూడు బిళ్ల బ్యాటరీలూ తెస్తాను. ఈలోగా నాలుగు మెషీన్ల సీఎండీలైన్ ఫైళ్లు ఫోటో తీసి పంపు, ఏ ఫోటో ఏ మెషీన్‌దో పేరు రాసి. అక్కకు చెప్పు, అన్నం అక్కడే తింటానని.

మీ మామ