అన్నయ్యకు ఉత్తరం సరే, అమ్మతో మాట్లాడారా?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. నాన్న తన జీతంతో మూడెకరాలు కొన్నారు. వీలునామా రాయకుండానే పోయిన ఏడాది చనిపోయారు. నానమ్మ లేదు. ఇప్పుడు మిగిలింది అమ్మ, అన్నయ్య, నేను. అన్నయ్య రిలీజ్ డీడ్ (నా వాటా వదులుకుంటున్నట్టు రాసిచ్చే పత్రం) మీద సంతకం పెట్టమంటున్నాడని అమ్మ ఫోన్ చేసింది. ‘వాడితో గొడవెందుకే, నీకు పుట్టిల్లు ఉండొద్దా’ అంటోంది. నా వాటా అడుగుతూ అన్నయ్యకు రాసిన ఉత్తరం జత చేశాను. మనసు నొప్పించకుండా ఒప్పించేలా మాటలు సరిచేసి ఇవ్వగలరా?
– ఒక సోదరి, ఖమ్మం జిల్లా

జవాబు: మాటలు సరిచేసి ఇవ్వనమ్మా. ఆ ఉత్తరం అసలు పంపకండి.

మొదటి పేరాలో ‘నీ దయ’, ‘పసుపు కుంకుమ కింద ఏదో కొంత’ అని రాశారు. చివరికి వచ్చేసరికి ‘అంతా నువ్వే మింగేద్దామనుకుంటున్నావా, కోర్టులో తేల్చుకుందాం’ అన్నారు. ఆయనకు గుర్తుండేది ‘మింగేయడం’ ఒక్కటే. ‘చూశావా అమ్మా, నన్ను దొంగను చేసింది’ అని ఆ మాటే పట్టుకుంటాడు. పొలం సంగతి పక్కకు పోతుంది.

బతిమాలడం వల్ల ఇంకా నష్టం. పసుపు కుంకుమ అని మీరే రాస్తే, ఇవ్వడం ఇవ్వకపోవడం ఆయన ఇష్టమని మీరే ఒప్పుకున్నట్టు. రేపు చీర పెట్టి, చేతిలో యాభై వేలు పెట్టి పంపినా నోరెత్తలేరు. ఇది నాన్నగారి స్వార్జితం. వీలునామా లేదు కాబట్టి 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుకుకు, కూతురికి సమాన వాటా. పెళ్లిలో కట్నం ఇచ్చామంటే ఆ వాటా పోదు. 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం, 2005లో కేంద్రం తెచ్చిన సవరణల గురించి ఎవరో చెప్పారని రాశారు. కూతురికి పుట్టుకతో హక్కు అన్న మాట పిత్రార్జితానికి, అంటే తాతముత్తాతల నుంచి వచ్చిన ఆస్తికి సంబంధించింది. మీ పెళ్లి ఏ సంవత్సరంలో అయిందన్న టెన్షన్ మీకు అక్కర్లేదు.

అన్నయ్య మీతో నేరుగా ఒక్క మాటా అనలేదు, గమనించారా? అన్నీ అమ్మ నోటి నుంచే వచ్చాయి. ఆమె కొడుకు ఇంట్లో ఉంటోంది. పుట్టిల్లు ఉండొద్దా అని మిమ్మల్ని అడుగుతోంది గానీ, రేపు తనకు అన్నం ఎవరు పెడతారన్నదే ఆమె భయం. ఆ భయం పోనంతవరకూ మీరు అన్నయ్యకు ఎంత చక్కగా రాసినా ఆమె అడ్డం పడుతుంది.

అసలు ఆ రిలీజ్ డీడ్ కాగితం మీద అమ్మ సంతకం కూడా అడుగుతున్నారా? అడిగితే ఆమె ఎకరమూ పోతుంది. భర్త పోయిన మనిషికి తన పేరున ఉన్న భూమిని మించిన ధైర్యం లేదని నేను గట్టిగా నమ్ముతాను. మీ వాటాకన్నా ముందు ఆమె వాటా కాపాడండి, కూతురిగా అది మీ బాధ్యత. మీ ఆయనను తీసుకెళ్లకండి. ఒక్కరే వెళ్లి, ‘నీ వాటా నీ పేరునే ఉండనీ అమ్మా, నీ బాగోగులు నేనూ చూస్తాను’ అని చెప్పండి. చెప్పాక చూడాలి కూడా.

అన్నయ్యకు తర్వాత ఈ నాలుగు ముక్కలు చాలు: ‘అన్నయ్యా, నాన్న పొలంలో అమ్మకు, నీకు, నాకు వాటాలున్నాయి. ఇన్నాళ్లూ సాగు చూసుకుంది నువ్వే, దాని ఖర్చుల లెక్క కూడా వేద్దాం. ముగ్గురం కూర్చుని మాట్లాడుకుందాం. అప్పటిదాకా నేను సంతకం పెట్టను.’

ఈలోగా ఆ కాగితం నకలు తీసుకుని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచితంగా న్యాయ సహాయం ఇస్తారు.